ప్రాచీన శిష్యోపమానములు: మృదుస్వభావుని స్థానము

శిష్యులను జంతువులతో పోల్చుట మన విద్యాసంప్రదాయమునకు క్రొత్త గాదు. కుదురు లేనివాడు కోతి. అర్థమెఱుగక వల్లించువాడు చిలుక. ఎంత చెప్పినను కదలనివాడు దున్నపోతు. నోరు మెదపక నలుగురి వెంట నడచువాడు గొర్రె. ఈ మాటలు వినబడని బడి తెలుగునాట అరుదు. పాశ్చాత్యదేశములలో ఈ వాడుకయే ఇటీవలి కాలమున స్వభావపరీక్షల రూపము దాల్చినది. అమెరికాకు చెందిన గారీ స్మాలీ, జాన్ ట్రెంట్ అనువారు మానవస్వభావములను సింహము, నీటికుక్క, గోల్డెన్ రిట్రీవర్ జాతి కుక్క, బీవరు అను నాలుగు పేర్లతో విభజించి ప్రచారము చేసిరి. మెత్తని మనసు గలవాడు, తగవునకు వెఱచువాడు, ఒరుల బాధకు కరగువాడు ఆ విభాగమున కుక్క జాతిలో చేరును. కొన్ని ప్రశ్నలకు జవాబులు వ్రాసినచో ఎవడు ఏ జంతువో తేలిపోవునని వారి పద్ధతి.

ఇట్టి విభాగములు మంచివా చెడ్డవా అని నిర్ణయించుట ఈ వ్యాసమున మా ఉద్దేశము గాదు. మేము విచారింపదలచినది చరిత్రకు సంబంధించిన విషయము. గట్టిగా ఒక మాట అన్నచో వాడిపోవు విద్యార్థి, ఇతరులు గమనింపని దానిని గమనించి కలతపడు విద్యార్థి, తెలిసియు నలుగురిలో చెప్పలేని విద్యార్థి ప్రతి తరగతిలోను ఉండును. అట్టివానిని మన ప్రాచీనాచార్యులు గుర్తించిరా? గుర్తించినచో ఏ జంతువుతో పోల్చిరి? ఆ పోలిక నిందయా, ప్రశంసయా? ఈ మూడు ప్రశ్నలకు బౌద్ధజైన వాఙ్మయములందు లభించు సమాధానములను ఇందు క్రమముగా పరిశీలింతము.

ముందుగా ఒక భేదమును గుర్తింపవలసియున్నది. ప్రాచీనులు మనుష్యుని జంతువుతో పోల్చిన తీరులు రెండు. మొదటిది జన్మస్వభావమును బట్టి పోల్చుట. సుశ్రుతసంహితయందలి శారీరస్థానమున ప్రకృతులను వర్ణించునపుడు వాతప్రకృతి గలవారు మేక, నక్క, కుందేలు, ఎలుక, ఒంటె, కుక్క, గ్రద్ద, కాకి, గాడిద మున్నగు వాని పోలిక గలవారని చెప్పబడినది. కఫప్రకృతి గలవారికి సింహము, గుఱ్ఱము, ఏనుగు, ఆవు, హంస మున్నగునవి పోలికలు. ఈ ప్రకృతులు మనుష్యుడు జీవించియున్నంతకాలము స్వభావసిద్ధముగా మాఱవనియు, మాఱినచో అది ఆయువు తీరినవానియందేననియు అచ్చటనే చెప్పబడినది. నాట్యశాస్త్రమున సామాన్యాభినయమును వివరించుచు స్త్రీల శీలములను దేవ, గంధర్వ, వానర, హస్తి, మృగాది భేదములతో చెప్పిన పట్టును ఈ త్రోవకే చేరును. మృగశీల యగు స్త్రీకి చలించు విశాలనేత్రములు, వెఱపు, గీతవాద్యములయందు ప్రీతి లక్షణములు. గ్రీకుదేశమున అరిస్టాటిలు పేర వ్యాప్తిలోనున్న ముఖసాముద్రికగ్రంథము లేడి, కుందేలు, గొర్రె అను వాని మెత్తని రోమములను చూపి, మెత్తని వెండ్రుకలు గలవాడు పిఱికివాడగునని ఊహించినది. ఈ త్రోవలో జంతువనగా ఒక ముద్ర. ఆ ముద్ర పడినవానికి చేయదగినది ఏమియు లేదు. వైద్యునకుగాని నటునకుగాని వానిని గుర్తించుటయే పని.

రెండవ త్రోవ వేఱు. అందు జంతువు మనుష్యుని ముఖమునకు గాని దేహమునకు గాని పోలిక గాదు. అతడు చేయు ఒక్క పనికి పోలిక. విద్యను అతడు ఎట్లు గ్రహించుచున్నాడు అనునదియే అచ్చట ప్రశ్న. మా విషయమునకు ముఖ్యమైన ఉదాహరణములన్నియు ఈ రెండవ త్రోవకు చెందినవి.

పాలిభాషలోని అంగుత్తరనికాయము చతుష్కనిపాతమున ములుకోలను గూర్చిన ఒక సూత్రము కలదు. అందు బుద్ధుడు నాలుగు విధములగు ఉత్తమాశ్వములను చెప్పెను. ములుకోల నీడ కనబడినంతనే కదలి, తోలువాడు తన వలన ఏమి కోరుచున్నాడో యని ఆలోచించునది మొదటిది. ములుకోల రోమములను తాకిన పిమ్మట కదలునది రెండవది. చర్మము నొచ్చిన పిమ్మట కదలునది మూడవది. ఎముక నొచ్చిన పిమ్మట కదలునది నాల్గవది. మనుష్యులును ఇట్లే నాలుగు విధములు. ఫలానా ఊరిలో ఎవరో దుఃఖపడిరనియో మరణించిరనియో విన్నంతనే చలించి మార్గమున ప్రవేశించువాడు మొదటివాడు. కన్నులార చూచిన పిమ్మట చలించువాడు రెండవవాడు. తన బంధువులకు ఆ గతి పట్టినపుడు చలించువాడు మూడవవాడు. తన దేహమునకే బాధ కలిగినపుడు చలించువాడు నాల్గవవాడు.

ఈ సూత్రమున రెండు విషయములు గమనింపదగినవి. మొదటిది: నీడకే కదలు గుఱ్ఱము బెదురుగొడ్డు గాదు. నీడను చూచి పరుగెత్తి బండిని పడద్రోయు గుఱ్ఱము వేఱు, నీడను చూచి తోలువాని మనసు తెలిసికొను గుఱ్ఱము వేఱు. వెఱపునకును సూక్ష్మగ్రహణమునకును గల ఈ భేదమును ఆ సూత్రము స్పష్టముగా పాటించినది. రెండవది: వరుసలో నాల్గవదియు ఉత్తమాశ్వమే. కావున సున్నితము కానివాడు ఇచ్చట నిందింపబడలేదు. సున్నితుడు మాత్రము అగ్రస్థానమున నిలుపబడినాడు. మంచి మనిషికొక మాట, మంచి గొడ్డుకొక దెబ్బ అని మన సామెత. ఆ సామెత మంచి గొడ్డునకైనను ఒక దెబ్బను విధించినది. పాలిసూత్రము ఆ ఒక్క దెబ్బయు అక్కఱలేని శిష్యుని ఊహించినది.

ఈ నిపాతమునందే కేసి యను అశ్వశిక్షకునితో బుద్ధుడు జరిపిన సంభాషణ కలదు. గుఱ్ఱమును ఎట్లు దిద్దుదువని అడుగగా, కొన్నిటిని మృదువుగా, కొన్నిటిని పరుషముగా, కొన్నిటిని రెండు విధములను దిద్దుదుననియు, ఎట్లును లొంగనిదానిని చంపుదుననియు కేసి చెప్పెను. నేనును శిష్యులను అట్లే దిద్దుదునని బుద్ధుడు బదులు చెప్పెను. చంపుట యేమని కేసి ఆశ్చర్యపడగా, ఉపదేశింపదగనివానిగా ఎంచి వానితో మాటలాడకుండుటయే మా విధానమున చంపుట యని బుద్ధుడు వివరించెను. గురువు శిష్యునితో మాటలాడుట మానినచో అది శిష్యుని చంపుటతో సమానమను ఈ భావము మా విచారణకు మిక్కిలి ముఖ్యము. మృదువైన విద్యార్థి మాటలాడడు గదా యని మనమును అతనితో మాటలాడుట మానుదుము. అది శిక్ష యని మనకు తోపనే తోపదు.

ఇక జైనవాఙ్మయమునకు వత్తము. శిష్యోపమానములకు ఇంతకంటె సమగ్రమైన పట్టిక మాకు వేఱొకచోట కనబడలేదు. దేవవాచకుని రచనగా చెప్పబడు నందీసూత్రము క్రీ. శ. 5వ శతాబ్ది నాటిదని పండితుల సాధారణాభిప్రాయము. పంచజ్ఞానములను వివరించు ఈ గ్రంథము మొదట సంఘస్తుతి, స్థవిరావళి కలవు. అటుపిమ్మట, విషయము ప్రారంభింపకమునుపే, ఈ శాస్త్రమును వినదగినవారెవరు, తగనివారెవరు అను విచారము వచ్చును. అచ్చట ఒక్క గాథలో 14 ఉపమానములు పేర్లు మాత్రముగా చెప్పబడినవి: కొండఱాయి-మేఘము, కుండ, జల్లెడ, నేయి వడకట్టు సాధనము, హంస, మహిషము, మేషము, మశకము, జలూకము, పిల్లి, జాహకము, ఆవు, భేరి, ఆభీరి. ఆవశ్యకనిర్యుక్తి యందును ఈ గాథ కలదు. పేర్లవెనుకనున్న కథలను భాష్యకారులు, చూర్ణికారులు, 8వ శతాబ్దికి చెందిన హరిభద్రుడు, 12వ శతాబ్దికి చెందిన మలయగిరి మున్నగు వ్యాఖ్యాతలు కాపాడిరి. పట్టికను మాత్రము చూచినవానికి ఇది పిచ్చిగీతవలె తోచును. కథలతో చదివినపుడు దీని కూర్పులోని నేర్పు తెలియును.

పదునాలుగింటిలో జంతువులు ఎనిమిది. అందు ఆవును ప్రస్తుతము ప్రక్కనుంచినచో ఏడు మిగులును. ఈ ఏడును త్రాగుచున్న జంతువులే. హంస పాలను నీటినుండి వేఱుచేసి త్రాగును. మహిషము, మేషము నీటిని త్రాగును. మశకము, జలూకము రక్తమును త్రాగును. పిల్లి, జాహకము పాలను త్రాగును. అనగా విద్య పానీయము, శిష్యుడు పాయి. ఎట్లు త్రాగుచున్నాడు అనునదియే పరీక్ష. హంసకు ప్రతిగా, సారమైన నేతిని విడిచి మడ్డిని నిలుపుకొను వడపోతసాధనము ముందే చెప్పబడినది. తక్కిన ఆఱును మూడు జంటలు. ప్రతి జంటలోను పానీయమొకటే, త్రాగు తీరు వేఱు. ఒకటి మోటు, ఒకటి మృదువు. ఈ కూర్పు యాదృచ్ఛికము కాజాలదని మా అభిప్రాయము.

మొదటి జంట మహిషము, మేషము. దున్న చెఱువున దిగి నీటినంతయు కలచివేయును. తాను త్రాగదు, మందను త్రాగనీయదు. అడ్డుప్రశ్నలతో, కలహముతో పాఠమును చెఱచు శిష్యుడు ఇట్టివాడు. మేషము అట్లు గాదు. దానికి చెఱువక్కఱలేదు. ఆవు గిట్ట పడినచోట నిలిచిన నీటినైనను సన్నని మూతితో, ఒదిగియుండి, కలక బాఱకుండ త్రాగి తృప్తిపడును. రెండవ జంట మశకము, జలూకము. దోమ కుట్టి బాధించును, కావుననే తఱిమివేయబడును. జలగ బాధ తెలియనీయకయే కావలసినంత త్రాగును. మూడవ జంట పిల్లి, జాహకము. పిల్లి పాలగిన్నెను దొర్లించి నేలబాఱిన పాలను నాకును. వినయము లేక గురువు నొద్దకు రాక, పాఠము విని వచ్చినవారినుండి చిందినది ఏఱుకొను శిష్యుడు ఇట్టివాడు. జాహకమనునది ముండ్లుగల ఒక చిన్న జంతువు. అది పాలను కొంచెముకొంచెముగా త్రాగుచు, పాత్ర అంచులను నాకుచు, ఏమియు వృథాపోనీయదు. తెలిసినదానిని స్థిరపఱచుకొని, అటుపిమ్మట తరువాతి ప్రశ్న నడుగుచు, గురువునకు ఆయాసము కలిగింపని శిష్యుడు ఇట్టివాడు.

ఈ మూడు జంటలలోను ప్రశంస మృదువగుదానికే దక్కినది. మృదుత్వము ఇచ్చట శిష్యునకు శోభ తెచ్చు అలంకారమని గాని, దయతో క్షమింపవలసిన లోపమని గాని చెప్పబడలేదు. గ్రహణశక్తిలో ఒక భాగముగా చెప్పబడినది. మేషము కలపదు గనుకనే దానికి తేటనీరు దొరకుచున్నది. జలగ నొప్పింపదు గనుకనే కడుపునిండ త్రాగుచున్నది. జాహకము తొందరపడదు గనుకనే పాత్ర ఖాళీ యగుచున్నది. మఱియు మృదుత్వము మౌనముతో సమానము కాదనుటకు జాహకమే సాక్షి. అది అడుగును, అడుగవలసిన వేళ తెలిసి అడుగును. మృదువైనవాడు ప్రశ్నింపడని మనము చేయు ఊహకు ఈ పట్టికలో తావు లేదు.

శిష్యోపమానముల పిమ్మట నందీసూత్రము శ్రోతల సభలను మూడుగా విభజించును: తెలిసిన సభ, తెలియని సభ, తప్పుగా తెలిసి గర్వించు సభ. మూడవది గాలితో నిండిన తోలుతిత్తివంటిది. మొదటిది హంసలవంటిది. మనకు ముఖ్యమైనది రెండవది. తెలియని సభను దూషింపక, అది ప్రకృతిచేతనే మధురమైనదనియు, జింకపిల్లలు, సింహపుకూనలు, కోడిపిల్లలవంటిదనియు, సంస్కరింపబడని రత్నమువంటిదనియు దేవవాచకుడు వర్ణించినాడు. శిష్యునకు జింకపిల్ల పోలిక ఇంత స్పష్టముగా చెప్పబడిన ఈ పట్టు మా విషయమునకు మూలస్తంభము.

ఇందు జింకపిల్ల ప్రక్కన సింహపుకూన నిలిచియుండుట చూడదగినది. నేటి జంతువిభాగములలో సింహమును జింకయు రెండు వేఱు జాతులు. ఒకటి రెండవదానికి విరుద్ధము. నందీసూత్రమున రెండును ఒక్క వర్గమే. ఏలయనగా పోలికకు ఆధారము జాతి గాదు, పసితనము. ఇంకను దిద్దబడవలసిన దశలో సింహపుకూనయు మధురమే. జింకపిల్లకు గల సున్నితత్వము జన్మతః వచ్చిన ముద్రగా గాక, పెంపకమునకు ఎదురుచూచు స్థితిగా ఇచ్చట భావింపబడినది. రత్నోపమానము దీనినే దృఢపఱచుచున్నది. సానపట్టని రత్నము రత్నమే. కాంతి రావలెనన్నచో పని మిగిలియున్నది రత్నమునకు గాదు, సానపట్టువానికి.

ఈ ఉపమానములు తెలుగువారి నోట ఏమైనవో చూతము. హంస చెక్కుచెదరక నిలిచినది. హంసక్షీరన్యాయము మన కావ్యములందును శాస్త్రములందును ప్రసిద్ధము. కాని మేషజలూకములకు గతి తప్పినది. గొర్రె యనగా తెలుగున బుద్ధిహీనుడు. గొర్రెదాటు అనగా ఆలోచనలేని అనుసరణము. ప్రాకృతమున జలూగా, తెలుగున జలగ. పేరు దగ్గఱగానే యున్నను అర్థము తలక్రిందులైనది. జలగవలె పట్టినాడనుట నేడు తిట్టు. ఒకచోట ఉత్తమశిష్యునకు గుర్తులైన రెండు జంతువులు వేఱొకచోట మూర్ఖునకును, పీడకునకును గుర్తులైనవి. జంతువు మాఱలేదు. పోలికలో మనము చూచు అంశము మాఱినది. గొర్రె నడచుటను చూచినవాడు నిందించెను. గొర్రె త్రాగుటను చూచినవాడు ప్రశంసించెను. పరిశోధకులు ప్రాచీనగ్రంథములందలి ఉపమానములకు నేటి నుడికారమును బట్టి అర్థము చెప్పరాదనుటకు ఇంతకంటె మంచి నిదర్శనము దొరకదు.

జింకకు మాత్రము తెలుగున ఒక ఆశ్రయము లభించినది. పరవస్తు చిన్నయసూరి 1853లో ప్రకటించిన నీతిచంద్రిక పెక్కు తరముల తెలుగు విద్యార్థులకు పాఠ్యపుస్తకమైనది. అందలి మిత్రలాభమున కాకి, ఎలుక, తాబేలు చెలిమి చేసియున్నచోటికి చిత్రాంగుడను జింక బెదరి పరుగెత్తి వచ్చును. మొదట చూచినవానికి అది వట్టి పిఱికిజంతువు. కాని కథాంతమున తాబేలు వేటకానికి చిక్కినపుడు, నీటియొడ్డున చచ్చినట్లు పడియుండి వేటకానిని తనవైపు మరల్చినది ఆ జింకయే. అలికిడికి ఉలికిపడు ప్రాణి మిత్రునికొఱకు కదలక పడియుండుటలో ఎంత నిగ్రహము కలదో బోధించు ఉపాధ్యాయుడు చెప్పిననే గాని బాలురకు తట్టదు. పంచతంత్రసంప్రదాయము నుండి వచ్చిన ఈ కథను మనము ఐకమత్యమునకు ఉదాహరణముగా చెప్పి విడుతుము. సున్నితస్వభావుని ధైర్యమునకు ఉదాహరణముగాను దీనిని చెప్పదగును.

ఆధునికశాస్త్రము ఈ విషయమున ఏ దారి తొక్కినదో సంగ్రహముగా చూచుట అప్రస్తుతము గాదు. రష్యాదేశపు శరీరశాస్త్రజ్ఞుడు ఇవాన్ పావ్‌లోవు కుక్కలపై చేసిన ప్రయోగములనుండి నాడీవ్యవస్థలను బలవంతము, దుర్బలము అను భేదముతో విభజించెను. ఇదియు జంతువునుండి మనుష్యునకు వచ్చిన విభాగమే. కాని మాస్కోలో బోరిస్ టెప్లోవు, ఆయన శిష్యుడు నెబిలీత్సిన్ ఆ విభాగమును పరీక్షించి, దుర్బలమనబడు నాడీవ్యవస్థ ఎక్కువ తాకిడిని ఓర్వలేకపోయినను, మిక్కిలి స్వల్పమైన తాకిడిని సైతము గుర్తింపగలదని చెప్పిరి. అనగా దౌర్బల్యమని పేరు పెట్టినది ఒకవైపు నుండి చూచినపుడు సూక్ష్మత యైనది. ములుకోల నీడ ఇచ్చట మఱల కనబడుచున్నది.

అమెరికాలో ఎలెయిన్ ఆరన్ 1996లో అతిసున్నితస్వభావులను గూర్చి గ్రంథము ప్రకటించెను. ఆమెయు ఆర్థర్ ఆరనును 1997లో ప్రకటించిన వ్యాసము, ఈ సున్నితత్వము అంతర్ముఖత్వముతో గాని ఉద్వేగస్వభావముతో గాని ఒకటి కాదని ఏడు పరిశీలనలతో ప్రతిపాదించినది. 2005లో బాయ్స్, ఎలిస్ అనువారు పిల్లలను ఆర్కిడుపూవులు, డాండెలియనుపూవులు అని పోల్చిరి. మొదటిది పోషణ చెడినచో వాడును, కుదిరినచో మిక్కిలి శోభించును. రెండవది ఎచ్చటనైనను బ్రతుకును. జంతువులు పోయి పూవులు వచ్చినవి. 2015లో ప్లూస్, బోనివెల్ అనువారు ఇంగ్లండున ఒక పాఠశాల బాలికలకు మనోవైక్లబ్యమును నివారించు శిక్షణ ఇచ్చి పరిశీలింపగా, ఆ శిక్షణవలన మేలు పొందినవారు ఎక్కువ సున్నితత్వము గల బాలికలే యని తేలినది. సున్నితుడు చెడ్డదానికి మాత్రమే గాక మంచిదానికిని ఎక్కువగా కదలునన్నమాట. సంస్కరింపని రత్నమును, జింకపిల్లను ఒక్క పోలికలో కూర్చిన దేవవాచకుని వాక్యమునకు ఇది వ్యాఖ్యానమువలె నున్నది. ప్రాచీనులకు ఈ శాస్త్రము తెలియునని మేము చెప్పుటలేదు. ఒక్క అనుభవమును రెండు కాలములవారు రెండు సాధనములతో గుర్తించిరని మాత్రము చెప్పుచున్నాము.

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును. నందీసూత్రపు పట్టిక తగిన శ్రోతను ఏఱి తగనివానిని త్రోసివేయుటకు ఉద్దేశింపబడినది గదా; అట్టిదానిని మృదుస్వభావుల పక్షమున సాక్ష్యముగా నిలుపుట తగునా? ఆక్షేపణ న్యాయమైనదే. పట్టిక మొదట నున్న కొండఱాయి ఎంతవాన కురిసినను తడియదు. అట్టివానికి విద్య నీయరాదనుటయే దాని తాత్పర్యము. కాని పట్టిక శిష్యునితో ముగియలేదు. ప్రక్కనుంచిన ఆవును ఇపుడు చూడవలెను.

ఆవు శిష్యునకు పోలిక గాదు, గురువునకు పోలిక. నలుగురు బ్రాహ్మణులకు ఒక ఆవు దానముగా వచ్చినది. వంతులవారీగా పాలు పిండుకొనిరి. రేపు పిండుకొనువాడు వేఱొకడు గదా యని ఎవడును మేత వేయలేదు. ఆవు చచ్చినది. ఇందు త్రాగువాడు శిష్యుడు, ఎండిపోవునది గురువు. ఇంతవఱకు త్రాగువారిని పరీక్షించిన పట్టిక ఇచ్చట ఇచ్చువానివైపు తిరిగినది. కడపటి ఉపమానమైన ఆభీరి ఈ మలుపును పూర్తిచేయును. గొల్లదంపతులు నేతికుండలను అమ్ముటకు బండిపై పట్టణమునకు పోయిరి. ఒకరు అందించుచుండ ఒకరు దింపుకొనుచుండ, కుండ జాఱి పగిలినది. నీవు సరిగా పట్టుకొనలేదని ఒకరు, నీవు సరిగా అందింపలేదని ఒకరు కలహించిరి. ఆ కలహములో మిగిలిన నేయియు నేలపాలయ్యెను. ప్రొద్దుపోయి తిరిగివచ్చుచు దొంగల పాలయిరి. వేఱొక దంపతులకును ఇట్లే జరిగెను. కాని వారిలో ఒకరు నేను తిన్నగా అందింపలేదనిరి; రెండవవారు నేను తిన్నగా పట్టుకొనలేదనిరి. దక్కినంత నేతిని దక్కించుకొనిరి.

ఈ కథ గురుశిష్యులకు పోలిక యని వ్యాఖ్యాతలు చెప్పుదురు. పాఠము చెడినపుడు నేను చెప్పుటలో పొరబడితినని గురువు, నేను గ్రహించుటలో పొరబడితినని శిష్యుడు అనవలెను. మృదువైన శిష్యుడు తన వంతు మాటను అడుగకయే అనును. తప్పంతయు తనదే యనుకొనుట వాని స్వభావము. కావున కథలో కొఱతపడునది ఎప్పుడును రెండవ మాటయే, అనగా గురువు అనవలసిన మాట.

ఈ కథ చదివిన పిమ్మట మాకు తట్టిన ఒక సంగతిని విన్నవింతుము. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక గోష్ఠిలో ఒక పరిశోధకవిద్యార్థి వ్యాసము చదువుచుండెను. ఒక శాసనమున అతడు స్వీకరించిన పాఠము తప్పని మేము కొంత గట్టిగానే అంటిమి. అతడు మఱి చదువలేక కూర్చుండెను. విషయము తెలియునుగాని ధైర్యము చాలదని మేము మా పుస్తకమున వ్రాసికొంటిమి. రెండు వారములైన పిమ్మట అతడు ఒక కాగితము తెచ్చి మా బల్లపై నుంచి వెడలిపోయెను. ఆ పాఠమునకు ఆధారములు వరుసగా అందు వ్రాయబడియుండెను. తప్పు మాది. దానిని మేము అతనితో ఏకాంతమున ఒప్పుకొంటిమి గాని, అతడు తలవంచుకొని కూర్చున్న ఆ గోష్ఠిలోనే మఱల ఒప్పుకొనలేదు. మా పుస్తకములోని వ్రాతను మాత్రము కొట్టివేసితిమి. నేతికుండను జాఱవిడిచినది ఎవరను ప్రశ్నకు ఆనాడు మేము సగము సమాధానమే చెప్పితిమి.

ఇంతవఱకు చేసిన విచారమువలన తేలినది ఇది. ప్రాచీనులు సున్నితుడైన శిష్యుని గుర్తించిరి. బౌద్ధసూత్రము వానిని ములుకోల నీడకే కదలు ఉత్తమాశ్వముగా చెప్పినది. జైనసూత్రము మేష, జలూక, జాహకములుగా వాని గ్రహణరీతిని, జింకపిల్లగా వాని లేతదనమును చెప్పినది. ఈ పేర్లన్నియు ప్రశంసలే. కాని వీనిలో ఏ పేరును శిష్యునిపై వేసి విడుచుటకు ఏర్పడినది గాదు. ప్రతి పోలికలోను రెండవ పాత్ర యొకటి కలదు: గుఱ్ఱమునకు తోలువాడు, మేషమునకు నీరు, జింకపిల్లకు పెంచువాడు, రత్నమునకు సానపట్టువాడు. నేటి జంతువిభాగములు మొదటి పాత్రను మాత్రమే గ్రహించి రెండవదానిని విడిచినవి. అందుచేత విద్యార్థికి ఒక పేరు మిగులుచున్నది. ఉపాధ్యాయునకు పని మిగులుటలేదు.

మన తరగతులలో ఒకనిని జింకపిల్ల యని పిలుచుటకు మాకు అభ్యంతరము లేదు. పిలిచినవాడు ఆ పేరుతోపాటు తనకు వచ్చిన పనినిగూడ గుర్తెఱుగవలెనని మాత్రము మా మనవి. ఈ ఉపమానములకు తెలుగు వాఙ్మయమునందును, జానపదుల నుడులయందును గల సంవాదములను పరిశోధకవిద్యార్థులు సేకరించినచో ఈ విచారము ఇంకను పుష్టి పొందగలదు. విజ్ఞులు లోపములను సవరింతురు గాక.